మేనమామ కత్తెర ఒక్కసారే

దీపావళి నాడు మన ఇంట్లో జరిగినదాన్ని మీలో చాలామంది మరిచిపోయే ఉంటారు. భోజనాలయ్యాయి, అందరం హాల్లో కూర్చున్నాం, మాట మెల్లగా మా చెల్లెలి కొడుకు జుట్టు మీదికి మళ్ళింది. జూన్ నుంచి వాడు క్రాపు చేయించుకోలేదు. హాకీ సీజన్ అయ్యేదాకా చేయించుకోనన్నాడు. ఎవరో లేచి కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు. "మేనమామవి నువ్వు. పుట్టువెంట్రుకలకి మొదటి కత్తెర వేసింది నువ్వే కదా, దీనికీ నువ్వే వెయ్యి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వాడి వెనక నిలబడి ఒక పాయ పట్టుకుని కత్తిరించేశాను.

వాడేమీ అనలేదు. కింద పడ్డ వెంట్రుకలు తనే ఏరి చెత్తబుట్టలో వేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లారకుండానే ప్రాక్టీసుకి బయల్దేరాడు, వెనక ఒక పక్క ఎలక కొరికినట్టున్న ఆ జుట్టుతోనే. ఆ రోజు నుంచి నన్ను "మామయ్యా" అని పిలవడం మానలేదు గానీ, ఆట సంగతులు చెప్పడం మానేశాడు. ఏ మ్యాచ్ ఎప్పుడో ఇప్పుడు మా చెల్లెల్ని అడిగి తెలుసుకుంటున్నాను.

ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. అందరం మళ్ళీ ఆ హాల్లోనే కూర్చుంటాం. భోగి పొద్దున సెలూన్ అతన్ని ఇంటికే రమ్మని చెప్పారని విన్నాను. "పండగ పూట తలంటు పోసుకునే ముందు ఆ అడవి కొట్టేస్తే సరి" అని నిర్ణయం కూడా అయిపోయిందట. నిర్ణయించిన వాళ్ళలో ఆ జుట్టు ఉన్నవాడు మాత్రం లేడు. అందుకని పండగకి ముందే ఇది రాస్తున్నాను. ఎదురుగా చెబితే నలుగురూ నాలుగు మాటలంటారు, నా మాట సగంలో ఆగిపోతుంది. ఇక్కడైతే చివరిదాకా చెప్పుకోవచ్చు.

నేను చెప్పదలచింది ఒక్కటే. వాడి తల మీద మనకి హక్కు లేదు. నాకున్న హక్కు తిరుమలలో, వాడికి పదకొండో నెలలో, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న రోజున మొదలై ఆ రోజే తీరిపోయింది. మేనమామ కత్తెర ఒక్కసారే.

ఇంట్లో వినిపించిన కారణాలన్నీ ఒక్కొక్కటే తీసుకుందాం. కొట్టిపారేయడానికి కాదు. వాటిలో ఎంత నిజముందో చూడాలి కాబట్టి.

మొదటిది, "జుట్టు ఆటకి అడ్డం" అన్న మాట. వినడానికి బాగానే ఉంటుంది. కళ్ళలో పడుతుంది, చెమట పడుతుంది, బంతి కనబడదు. నిజమే, కళ్ళలో పడితే అడ్డమే. అందుకే వాడు రబ్బరు బ్యాండు వేసుకుంటున్నాడు, నుదుటికి పట్టీ కట్టుకుంటున్నాడు. అంతర్జాతీయ హాకీ నియమాల్లో ఆటగాడు ఇతరులకి ప్రమాదం కలిగించేదేదీ ధరించకూడదని ఉంది. జుట్టు ఎన్ని అంగుళాలుండాలో ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది? ఉంటే భారత హాకీ చరిత్రలో సగం పుటలు చింపెయ్యాలి. బల్బీర్ సింగ్ సీనియర్ పుట్టి బుద్ధెరిగి జుట్టు కత్తిరించని సిక్కు. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు. 1952 హెల్సింకి ఫైనల్లో నెదర్లాండ్స్ మీద మనం ఆరు గోల్స్ కొడితే అందులో అయిదు ఆయనవే. ముడి వేసుకున్న జుట్టు ఆయనకి ఏ గోలుకి అడ్డమొచ్చింది? పర్గత్ సింగ్ 1992, 1996 ఒలింపిక్స్‌లో మన జట్టుకి కెప్టెన్. నడుం దాకా ఉండే జుట్టుని తలకి చుట్టుకుని డిఫెన్సులో నిలబడిన మనిషి ఆయన.

"వాళ్ళది మతం, వీడిది ఫ్యాషన్" అని వెంటనే అంటారు, నాకు తెలుసు. మీరు చెప్పిన కారణం ఆటకి అడ్డమని. బంతికి మతం తెలియదు. అడ్డమైతే అందరికీ అడ్డం, కాకపోతే ఎవరికీ కాదు.

పోనీ, ఆడపిల్లల సంగతి చూడండి. మన చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వెళ్ళి భారత జట్టుకి ఆడిన గోల్‌కీపర్ ఏతిమార్పు రజని ఉంది. ఆమెతో పాటు ఆడినవాళ్ళు, తర్వాత టోక్యోలో నాలుగో స్థానం దాకా వెళ్ళిన జట్టులోవాళ్ళు చాలామంది జడలు వేసుకునో, ముడి వేసుకునో పరిగెత్తినవాళ్ళే. ఆ మ్యాచ్‌లు పొద్దున్నే టీవీ ముందు కూర్చుని చూశాం. ఒక్కరన్నా "ఆ అమ్మాయి జడ కత్తిరించుకుంటే ఇంకో గోల్ కొట్టేది" అన్నారా? అదే వెడల్పు మైదానం, అదే కర్ర, అదే బంతి. అమ్మాయికి అడ్డం కాని జుట్టు అబ్బాయికెందుకు అడ్డమవుతుంది? ఇది బోడిగుండుకీ మోకాలికీ ముడి వెయ్యడం తప్ప మరొకటి కాదు.

ఇక ధనరాజ్ పిళ్ళై. నాన్నా, ఇది మీకే చెబుతున్నాను. 1996 డిసెంబరులో ఛాంపియన్స్ ట్రోఫీ మన ఊళ్ళో జరిగింది. ఎగ్మోరులో మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంకి నన్ను తీసుకెళ్ళింది మీరే. మన జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది, ఆ సంగతి వేరే. ధనరాజ్ బంతి పట్టుకుని కుడి పక్కనుంచి బయల్దేరితే స్టాండు స్టాండంతా లేచి నిలబడేది. మెడ మీద ఎగిరే ఆ జుట్టు చూసి పక్కవాళ్ళు ఈలలు వేశారు. మీరూ లేచారు. చప్పట్లు కొట్టి కొట్టి మీ అరచేతులు ఎర్రగా అయితే ఇంటికొచ్చాక అమ్మకి చూపించారు. ఆ రోజు ఆ జుట్టు గురించి మీరు ఒక్క మాట అనలేదు. ఆటే చూశారు. మనవడి విషయంలో మాత్రం జుట్టే చూస్తున్నారు.

ధనరాజ్ ఎక్కణ్ణుంచి వచ్చాడో కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. పుణె పక్కన ఖడ్కీలో ఆయుధ కర్మాగారం కాలనీలో పెరిగిన తమిళుల పిల్లాడు. విరిగిన కర్రలతో, పారేసిన బంతులతో ఆ మట్టి నేల మీద ఆట నేర్చుకున్నాడు. నాలుగు ఒలింపిక్స్ ఆడాడు, 1992 నుంచి 2004 దాకా. నాలుగు ప్రపంచ కప్పులు, నాలుగు ఆసియా క్రీడలు కూడా. అందులో మూడు ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు ముకేశ్ కుమార్ ఆయనతో కలిసి ఆడాడు. 1998లో బ్యాంకాక్‌లో ధనరాజ్ కెప్టెన్‌గా మనకి ఆసియా క్రీడల బంగారం వచ్చింది, ముప్పై రెండేళ్ళ తర్వాత. ఆ వెంటనే ఆయన్నీ, మరికొందరు సీనియర్లనీ జట్టులోంచి తప్పించారు. పెద్దవాళ్ళకి ఎదురు చెబుతాడని పేరుండేది ఆయనకి. జుట్టు కత్తిరించుకుని నోరు మూసుకుని ఉండి ఉంటే జీవితం సుళువయ్యేదేమో. ఆ ఆట మాత్రం మనకి దక్కేది కాదు.

రెండో కారణం క్రమశిక్షణ. "ఇవాళ జుట్టు, రేపు ఇంకేదో" అన్న మాట. దీనికి సమాధానం వాడి రోజు చూస్తే తెలుస్తుంది. నాలుగున్నరకి అలారం. అయిదింటికి సైకిలు. ఆరింటికల్లా మైదానంలో. ఎనిమిదిన్నరకి స్కూలు. సాయంత్రం మళ్ళీ ఫిట్‌నెస్. ఆదివారాలు లీగ్ మ్యాచ్‌లు. సెప్టెంబరులో కాలి బొటనవేలి గోరు ఊడినా ఒక్క రోజు మానలేదు. మన ఇంట్లో వాడి వయసులో నాలుగున్నరకి లేచినవాళ్ళం ఎంతమందిమి? నేనైతే ఎస్సెల్సీ పరీక్షలప్పుడు కూడా లేవలేదు. క్రమశిక్షణ అన్నది కనిపించేది ఇదీ. జుట్టు చెవి పైకి ఉందా కిందికి ఉందా అన్నది క్రమశిక్షణ కాదు, చూసేవాడి కంటికి అలవాటు.

స్కూలు వాళ్ళు కూడా అభ్యంతరం చెప్పారు. దాన్ని దాచను. డైరీలో రాసి పంపారు. అప్పుడు వాళ్ళ పీటీ సారు ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళి, సీజన్ అయ్యేదాకా, వెనక్కి కట్టుకుని రావాలన్న షరతు మీద ఒప్పించారు. స్కూలుకి నియమం పెట్టే అధికారం ఉందని నేను ఒప్పుకుంటాను. యూనిఫారం ఉన్నప్పుడు జుట్టు గురించి కూడా ఏదో ఒక మాట ఉంటుంది. కానీ నియమం చెప్పడం వేరు, పట్టుకుని కత్తిరించడం వేరు. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లల్ని బడిలో శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అని చెబుతోంది. ఒక టీచరు తరగతి మధ్యలో నిలబెట్టి వాడి జుట్టు కత్తిరించి అందరితో నవ్వించి ఉంటే మనమంతా ఏం చేసేవాళ్ళం? బాబాయి వకీలు, మరునాడే నోటీసు పంపేవాడు. అదే పని నేను మన హాల్లో చేశాను. అందరూ మిఠాయి తింటూ చూశారు. బడిలో నేరమయ్యేది ఇంట్లో ముచ్చట ఎలా అయ్యింది?

మూడోది అసలైనది. "మన ఇంటా వంటా లేదు." ఇది విన్నప్పుడు నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే మన ఇంటి ఫోటోలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

నెల్లూరు నుంచి మద్రాసు వచ్చిన మన ముత్తాత ఫోటో చూడండి. ముందు సగం గొరిగి వెనక పిలక ముడి వేసుకుని, చెవులకి పోగులు. మన సంప్రదాయం అని గట్టిగా పట్టుకోవాలంటే అదీ సంప్రదాయం. ఆయన కొడుకు, అంటే మన తాతయ్య, కాలేజీలో చేరిన రెండో ఏడు పిలక తీయించేసి క్రాపు చేయించుకుని ఇంటికొచ్చాడు. ముత్తాత మూణ్ణెల్లు ఆయనతో ఒక పంక్తిలో కూర్చుని భోంచెయ్యలేదు. "దొరల వేషం" అన్నారట. "కులం చెడింది" అన్నారట. ఇవాళ మనం మర్యాదస్తుల జుట్టు అంటున్న ఈ క్రాపు ఆ రోజు తిరుగుబాటు. పేరు చూడండి, అది ఇంగ్లీషువాళ్ళ మాట. మనవడి జుట్టుకి అడ్డం పెడుతున్న సంప్రదాయం, తాతయ్య తండ్రికి ఎదురు తిరిగి తెచ్చుకున్నది.

తర్వాతి ఫోటో, 1973. మెరీనాలో గాంధీ విగ్రహం ముందు, బెల్‌బాటం ప్యాంటు, చెవులు కనబడకుండా జుట్టు, చెంపల మీద అరచేయంత సైడ్‌బర్న్స్. నాన్నా, ఆ ఫోటోలో ఉన్నది ఎవరో నేను చెప్పను. చూసినవాళ్ళకి తెలుస్తుంది. తాతయ్య అప్పుడు ఏమన్నారో నాయనమ్మ నాకు చెప్పింది. "పోనీలే, వాడి తల" అన్నారట. పిలక తీసినందుకు తను పడ్డ బాధ ఆయనకి గుర్తుంది. మనకే ఎందుకు మరుపు?

ఇంకో ఫోటో ఉంది, మనం గోడకి తగిలించనిది. తాతయ్య మేనత్త. పదిహేడో ఏట భర్త పోయాడు. ఫోటోలో తల నిండా ముసుగు, ముఖం సగమే కనబడుతుంది. నెలకోసారి పెరటి గుమ్మం వైపునుంచి మనిషి వచ్చి గొరిగి వెళ్ళేవాడని నాయనమ్మ చెప్పేది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. ఆయన చివరికి కన్నుమూసింది ఈ ఊళ్ళోనే, 1919లో. ఆ పెళ్ళి జరిగిన నలభై ఏళ్ళకి కూడా మన ఇంట్లో ఆ పని ఆగలేదు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? చేయించినవాళ్ళు దుర్మార్గులు కాదు. ఇంటి పరువు అనుకున్నారు, పెద్దల మాట అనుకున్నారు, నలుగురేమంటారో అనుకున్నారు.

ఆవిడ బాధా, వీడి బాధా ఒకటని నేననడం లేదు. ఆ పోలిక ఆవిడకి అవమానం. వీడి జుట్టు నాలుగు నెలల్లో మళ్ళీ పెరుగుతుంది, ఆవిడ జీవితం పెరగలేదు. నేననేది ఇంతే: ఇంట్లో ఒకరి తల మీద ఇంకొకరు కత్తెర పెట్టేటప్పుడు పలికే మాటలు మాత్రం వందేళ్ళుగా అవే. మర్యాద, పరువు, నలుగురు. ఆ మాటలు వినగానే మనం ఒక్క క్షణం ఆగాలి. మొన్న మా పెద్దమ్మాయి జడ తీసేసి భుజాల దాకా కత్తిరించుకుని వస్తే నెల రోజులు దాంతో మాట్లాడనివాళ్ళు ఉన్నారు ఇంట్లో. అమ్మాయి కత్తిరించకూడదు, అబ్బాయి పెంచకూడదు. మరి జుట్టు ఎవరిదండీ?

"మొక్కైతే వేరు" అని అత్తయ్య అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఏడుకొండలవాడికి మొక్కుకుని పెంచుతున్నాడంటే ఏడాదైనా పెంచుకోనీ, నేనే నూనె రాస్తాను" అంది. అత్తయ్యా, ఈ మాటతో నువ్వు మొత్తం వాదన తేల్చేశావు. అంటే జుట్టు ఆటకి అడ్డం కాదు. క్రమశిక్షణకి అడ్డం కాదు. చూడ్డానికి అసహ్యమూ కాదు. కల్యాణకట్టలో సమర్పించేదాకా భుజాల మీద పడినా ఫరవాలేదు. అడ్డమైనదల్లా, వాడు తన కోసం తనే అనుకున్నాడన్నది. దేవుడికిచ్చిన మాటకి విలువుంది, తనకి తను ఇచ్చుకున్న మాటకి లేదు. పద్నాలుగేళ్ళవాడు ఒక మాట అనుకుని ఆర్నెల్లు దాని మీద నిలబడితే, దాన్ని కాపాడాల్సింది పోయి మనమే తెగ్గొడుతున్నాం. రేపు పెద్దయ్యాక మాట మీద నిలబడట్లేదని మళ్ళీ మనమే అంటాం.

దేవుడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన పూజగదిలో రాముడికీ కృష్ణుడికీ భుజాల దాకా జుట్టే. వడపళనిలో మన తెలుగువాళ్ళు కట్టిన స్టూడియోలో 1957లో వచ్చిన మాయాబజార్‌లో రామారావు గారి కృష్ణుణ్ణి చూసి దండం పెట్టిన ఇల్లు ఇది. ఆ విగ్గుకి దండం పెట్టి, ఇంట్లో పిల్లాడి సొంత జుట్టుకి దండన వెయ్యడం ఏం న్యాయం?

ఇక చివరి కారణం. పైకి ఎవరూ అనరు గానీ అన్నిటికీ అడుగున ఉన్నది అదే. "మనం బయటినుంచి వచ్చినవాళ్ళం, మనమీద వేలు పడకూడదు."

ఈ భయాన్ని నేను వెక్కిరించను. అది ఊరికే రాలేదు. స్కూల్లో నన్ను "గొల్టి" అన్నారు. నా ముందు నాన్నని అన్నారు. నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, తమిళం మాతృభాషంత బాగా మాట్లాడుతూ కూడా, ఎక్కడో ఒక మూల మనం అద్దెకున్నవాళ్ళలాగే బతుకుతాం. గొంతు తగ్గించి మాట్లాడు, తల దువ్వుకుని వెళ్ళు, ఎవరి కంటా పడకు. ముంబాయిలో ఉన్న మనవాళ్ళూ, బెంగళూరులో ఉన్నవాళ్ళూ, సముద్రాలు దాటినవాళ్ళూ ఈ జాగ్రత్తలన్నీ చదివీ చదవగానే గుర్తుపడతారు. అది మన పెద్దల్ని కాపాడింది కూడా. కాదనను.

కానీ ఆ జాగ్రత్త ఇవాళ ఎవర్ని కాపాడుతోంది? ఈ ఊరే చూడండి. జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు భుజాల దాకా జుట్టుతో క్రికెట్‌లోకి వచ్చాడు. 2006లో లాహోర్‌లో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ అంతటివాడు, ఆ జుట్టు కత్తిరించుకోవద్దని అందరి ముందూ చెప్పాడు. ధోనీ 2007లో టీ20 ప్రపంచ కప్ గెలిచాక కత్తిరించుకున్నాడు. 2011లో ప్రపంచ కప్ గెలిచిన మర్నాడు ఏకంగా గుండుతో కనబడ్డాడు. నలభై దాటాక మళ్ళీ పెంచాడు. పెంచుకున్నదీ తీసుకున్నదీ తన ఇష్టం. ఈ ఊరు ఆయన్ని పరాయివాడనలేదు, "తల" అని పిలుచుకుంది. తమిళంలోనూ తెలుగులోనూ తల అంటే తలే. తల ఎవరిదో వాళ్ళకే వదిలెయ్యాలన్న ఇంగితం చెపాక్ స్టేడియంలో గొంతు చించుకునే కుర్రాళ్ళకుంది, మనకి లేదు.

దక్షిణాన కోవిల్‌పట్టి ఉంది. తమిళనాట హాకీ ఊరంటే అదే. అక్కణ్ణుంచి వచ్చిన మారీశ్వరన్ శక్తివేల్ భారత జట్టుకి ఆడాడు. ఆ ఊరి పక్కనే ఇడైసెవల్. మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం తీసుకున్న కి. రాజనారాయణన్ ఊరు. తెలుగు దేశం వదిలి వచ్చి ఆ నల్లరేగడిలో స్థిరపడినవాళ్ళ కథలే ఆయన రాశాడు. తను ఎవరో దాచుకుని రాయలేదు, అందుకే తమిళులు ఆయన్ని తమవాడని నెత్తిన పెట్టుకున్నారు. వలస వచ్చినవాడు తల వంచుకుంటేనే చోటు దొరుకుతుందన్నది అబద్ధం. ఖడ్కీలో పెరిగిన ఆ తమిళ పిల్లాడికి దొరికిన చోటు కూడా తల వంచుకుని సంపాదించింది కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెబుతారు, మిన్నెసోటాలో హైస్కూలు ఐస్ హాకీ టోర్నమెంటు వచ్చిందంటే కుర్రాళ్ళ జుట్టు చూడడం అక్కడ ఒక ముచ్చటని, ఎవరి జుట్టు బాగుందో వీడియోలు చేసి నవ్వుకుంటారని. సీజన్ మొదట్లో వదిలేసిన జుట్టు చివరి మ్యాచ్ నాటికి హెల్మెట్ వెనకనుంచి వేలాడుతుంటుంది. వాళ్ళ తాతలూ చూస్తారు, నవ్వుతారు. ఎవరూ కత్తెర తీసుకుని వెనక నిలబడరు. పిల్లాడితో కలిసి నవ్వడం వేరు, పిల్లాణ్ణి చూసి నవ్వడం వేరు. దీపావళి నాడు మనం చేసింది రెండోది.

"జుట్టు ఎదుటివాడి చేతికివ్వకు" అని మన పెద్దవాళ్ళే అంటారు. వాడు ఇవ్వలేదు. మనమే లాక్కున్నాం.

రెండు వారాల క్రితం వాణ్ణి మైదానం దగ్గర పట్టుకున్నాను. అది ఎగ్మోరు స్టేడియమే. 2023 ఆగస్టులో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ ఇక్కడే జరిగింది. సగం ఆట అయ్యేసరికి మలేసియా 3-1 మీద ఉంటే, మనవాళ్ళు 4-3తో గెలిచారు. చివరి గోల్ ఆకాశ్‌దీప్ కొట్టాడు. అప్పుడు వీడికి పన్నెండేళ్ళు, నా భుజం మీదికి ఎక్కినంత పని చేశాడు. ఆ రాత్రి ఇంటికొస్తూనే కర్ర కొనిపెట్టమన్నాడు. మొదలు అదే. మొన్న జూనియర్ ప్రపంచ కప్ చెన్నైలోనూ మదురైలోనూ జరిగితే తనకంటే నాలుగైదేళ్ళే పెద్దవాళ్ళని చూసి వచ్చాడు. ప్రాక్టీసు అయ్యాక తడిసిన టర్ఫ్ పక్కన కూర్చుని షిన్‌గార్డులు విప్పుకుంటున్నాడు. అడిగాను.

"ఎందుకురా ఈ జుట్టు?"

వాడు కాసేపు బూటు లేసులు చూస్తూ కూర్చున్నాడు. "ఏం లేదు మామయ్యా. మొదటి మ్యాచ్ గెలిచాం. సీజన్ అయ్యేదాకా ఉంచుదామనుకున్నా. అంతే."

"అంతేనా?"

"అంతే. అయిపోయాక తీసేస్తానేమో. తెలీదు."

నేను ఇంకేదో పెద్ద కారణం కోసం ఎదురుచూశాను. ఉంటే మీకు చెప్పి మిమ్మల్ని ఒప్పించొచ్చు అనుకున్నాను. లేదు. అక్కర్లేదు కూడా. తన జుట్టు తన దగ్గర ఉంచుకోవడానికి ఎవరూ కారణం చూపించనక్కర్లేదు. కారణం చూపించాల్సింది కత్తెర పట్టుకున్నవాడు. నా దగ్గర ఏ కారణమూ లేదు. నలుగురూ నవ్వుతున్నారని వేశాను.

ఆ మాట వాడికి చెప్పాను. "తప్పు చేశానురా" అన్నాను. "పోనీలే మామయ్యా" అన్నాడు, తలెత్తకుండానే. నా కంటే పెద్దమనిషిలా అన్నాడు. క్షమించాడో లేదో నాకింకా తెలీదు.

అందుకని మీ అందరికీ నా మనవి. భోగినాడు సెలూన్ అతన్ని రావద్దని చెప్పండి. చెప్పడం మొహమాటమైతే నేనే ఫోన్ చేసి అతనికివ్వాల్సింది ఇచ్చేస్తాను. తలంటుకి కుంకుడుకాయలు రెండు గుప్పిళ్ళు ఎక్కువ నానబెట్టండి, ఆ జుట్టుకి పడతాయి. పిల్లాడు హాల్లోకి వచ్చినప్పుడు జుట్టు గురించి ఎవరూ ఏమీ అనొద్దు, మెచ్చుకోవద్దు కూడా. ఏ పొజిషన్లో ఆడుతున్నావని అడగండి. రైట్ హాఫ్ అంటాడు. రైట్ హాఫ్ అంటే ఏం చేస్తాడని అడగండి. అప్పుడు చూడండి, ఎంత మాట్లాడతాడో.

నాన్నా, కనుమ మర్నాడు పొద్దున ఏడింటికి వాడి సెమీఫైనల్. 1996లో నన్ను తీసుకెళ్ళారు మీరు. ఈసారి నేను కారు తీసుకొస్తాను, ఆరున్నరకి తయారుగా ఉండండి.